అడవిలో గరిటెకు సెలవు

దక్షిణ అమెరికా పటాన్ని గోడకు తగిలించి చూస్తే, నన్ను పక్కనుంచి చూసినట్టే ఉంటుంది. భుజాలు ఓ మాదిరిగా ఉంటాయి, మధ్యలో బ్రెజిల్ అంత పొట్ట ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, అక్కణ్ణించి కిందికి వచ్చేకొద్దీ సన్నబడి సన్నబడి, చివర పాదాల దగ్గర చలికి వంకరపోయి ఉంటుంది. ఈ పోలిక కనిపెట్టింది నేనే. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి భూగోళం ఇంతకంటే బాగా బుర్రకెక్కదు. కాబట్టి ఆ ఖండానికి బయల్దేరేటప్పుడు నాకు భయం వెయ్యలేదు. సొంత ఒంటిమీద తిరగడానికి భయమేమిటి?

భయమంతా నన్ను తీసుకెళ్ళినవాళ్ళకే. అన్నం దొరకదేమోనని.

మేముండేది మెల్‌బోర్న్ శివార్లలో, వెర్రిబీలో. నా భార్య వృద్ధుల ఆశ్రమంలో నర్సు, రాత్రి డ్యూటీ. ఆవిడ వీసాకు తోకలా అంటుకుని ఈ దేశం వచ్చినవాణ్ణి నేను. వారమంతా ఒక గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. శనాదివారాలు మాత్రం మా గరాజులో రెండు పెద్ద గ్యాస్ పొయ్యిలు వెలుగుతాయి. చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో గృహప్రవేశమైనా బారసాలైనా గుత్తివంకాయ నాదే, పులిహోర నాదే. ఇంట్లో మాత్రం గరిటె ముట్టను. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు ఇంటికొచ్చి మంచాలెత్తుతాడా అని వాదిస్తాను. నా భార్య ఆ వాదన విని ఏమీ అనేది కాదు. అనకపోవడమంటే ఊరుకోవడం కాదని, దాచుకోవడమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఒక ఆదివారం ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వంట చేసి, గిన్నెలు వ్యానులో పెడుతున్నాను. ఒక అంకుల్ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆయన రిటైరైన ఇంజనీరు. మేమంతా పుట్టని రోజుల్లో కాకపోయినా, మాకు మీసాలు రాని రోజుల్లో ఆస్ట్రేలియా వచ్చినవారు. ఇక్కడ ఏ ఇంట్లో ఏ శుభకార్యమైనా ముహూర్తం తర్వాత ఆయన్నే అడుగుతారు, హాలు ఎక్కడ, వంట ఎవరిదని. నా పేరు చెప్పేదీ ఆయనే. ఏటా మరో రెండు జంటలను వెంటబెట్టుకుని అంకుల్, ఆంటీ ఏదో ఒక ఖండం చూసొస్తారు. కిందటేడు యూరప్‌లో రొట్టె, జున్ను తినలేక ఆరుగురూ చిక్కి వచ్చారట.

"ఏమయ్యా, పాస్‌పోర్ట్ ఉందా నీకు?" అన్నారు.

"ఏం వండాలండి?" అన్నాను.

చూశారా? పాస్‌పోర్ట్ ఉందా అని అడిగితే ఏం వండాలని జవాబిచ్చినవాణ్ణి. తర్వాత జరిగినదానికి బీజం నా నోట్లోంచే పడింది.

సౌత్ అమెరికా అన్నారు. చిలీ, పెరూ, చివర్లో అమెజాన్ అడవి. టికెట్టు వాళ్ళది, వంట నాది. "పొద్దున టిఫిను, రాత్రికి ఓ పప్పు, ఓ కూర. అంతే కదా. మిగతా టైమంతా నీదేనయ్యా. హాయిగా సైట్‌సీయింగ్ చేసుకో," అన్నారు. ఆ చివరి మాట నేను గట్టిగా పట్టుకున్నాను. విమానంలో కుర్చీ చేతిని పట్టుకున్నట్టు.

ఇంటికెళ్ళి నా భార్యతో చెబితే, ఆవిడ డ్యూటీ బూట్లు తుడుచుకుంటూ, "వెళ్ళండి. కాకపోతే ఊళ్ళు చూసి రండి. ఏ ఊళ్ళో ఉల్లిపాయలెలా ఉన్నాయో నాకు చెప్పక్కర్లేదు," అంది.

*

మెల్‌బోర్న్‌లో ఎక్కిన విమానం చిలీ రాజధాని శాంటియాగోలో దిగింది. పరాయి దేశపు ఆకు, గింజ లోపలికి రానివ్వకపోవడంలో ఆస్ట్రేలియా వాళ్ళే మొనగాళ్ళనుకునేవాణ్ణి. చిలీ వాళ్ళు వీళ్ళకు పెద్దన్నలు. నేను పెట్టెలో సర్దిందంతా బల్లమీద పరిచారు. ఎండు కరివేపాకు పోయింది. నెయ్యి పోయింది. చింతపండులో గింజలున్నాయని అదీ పోయింది. అధికారి చింతపండు ఉండను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఇది తినేదా అన్నట్టు నా మొహం చూశాడు. వెనక నుంచి ఆంటీ, "అయ్యో, చారెలా బాబూ," అంది. దేశంలో అడుగుపెట్టకముందే నా మీద పడ్డ మొదటి ప్రశ్న అది.

హోటల్లో వంటకు ఒప్పుకోరని పొయ్యి ఉన్న అపార్టుమెంట్లు తీసుకున్నారు. చాలా ఎత్తైన మేడ. మొదటి రోజు పొద్దున వాళ్ళు ఊరు చూడడానికి వెళ్ళారు. నేను పప్పు కుక్కర్లో పెట్టాను. ఇదయ్యాక నేనూ తిరగొచ్చు కదా అనుకుంటూ, ఎండుమిర్చి, ఆవాలు వేసి తాలింపు పెట్టాను. మన తాలింపు ఘాటు ఆ మేడకు కొత్త. పైకప్పుకున్న పొగ అలారం ఒక్కసారి కూత పెట్టింది. దాని వెనక అంతస్తులన్నిటివీ అందుకున్నాయి. మెట్లన్నీ జనం. పసిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, తలకు తువ్వాలు చుట్టుకున్నవాళ్ళు, నేను. అందరం రోడ్డుమీదకు వచ్చి నిలబడ్డాం. కోట్లు తొడిగిన వీధికుక్కలు మా మధ్య తిరుగుతున్నాయి. అక్కడ చలికాలంలో ఊరి కుక్కలకు ఎవరో ఒకరు కోట్లు తొడుగుతారు.

చేతిలో గరిటె ఉందని అప్పుడు చూసుకున్నాను. దాన్ని వీపు వెనక దాచుకుంటూ తల ఎత్తితే, వీధి చివర ఆకాశం సగం వరకూ మంచు. ఆండీస్ కొండలు. అంత ఎత్తు కొండలు అంత దగ్గరగా ఇళ్ళ మధ్యనుంచి తొంగి చూస్తాయని నాకెవరూ చెప్పలేదు. పక్కనున్న ముసలావిడ నా గరిటె చూసి, ముక్కు ఎగబీల్చి, నవ్వి, నా భుజం తట్టింది. నేరస్థుణ్ణి పట్టేసింది, కానీ అప్పగించలేదు.

సాయంత్రం వాళ్ళు వచ్చాక చెప్పాను, ఆండీస్ చూశానండీ అని.

"ఎక్కణ్ణించి చూశావు? మేం కొండెక్కే కేబుల్ కార్లో వెళ్ళాం, మబ్బు పట్టేసి ఏమీ కనబడలేదు," అన్నారు అంకుల్.

"రోడ్డుమీంచండి. తాలింపు చూపించింది."

అందరూ నవ్వారు. నవ్వించడం నాకు బాగానే వచ్చు. నవ్వినవాళ్ళు తర్వాత పప్పులో పులుపు తగ్గిందన్నారు.

*

పెరూ రాజధాని లీమా వచ్చేసరికి ఆ 'మిగతా టైము' అనేది ఎక్కడుంటుందో నాకు అర్థం కాసాగింది. అది వాళ్ళు బయటకు వెళ్ళాక మొదలై, కూరగాయల సంచీ నిండగానే అయిపోతుంది. లీమాలో వాళ్ళు చర్చిలు చూశారు, మ్యూజియంలో బంగారం చూశారు. నేను బజారు చూశాను.

నాకేం తక్కువ జరగలేదనే అనుకున్నాను మొదట్లో. ఆ ఊళ్ళో ఆకాశం చల్లారిన గంజిలా ఉంటుంది. వాన మాత్రం పడదు. డాబాలమీద ఇనుప చువ్వలు వదిలేసి ఉంటాయి, డబ్బులొచ్చినప్పుడు పై అంతస్తు వేద్దామని. అచ్చం మా కాకినాడ రోడ్డులో ఇళ్ళలాగే. చిన్న బస్సుల తలుపులకు వేలాడుతూ కండక్టర్లు ఊళ్ళపేర్లు అరుస్తుంటారు. ఆ అరుపుకు భాష తెలియక్కర్లేదు. నేను రెండుసార్లు ఎక్కబోయి ఆగాను.

బజారులో బంగాళాదుంపలే నల్లవి, ఊదావి, వేళ్ళలాంటివి, గులకరాళ్ళలాంటివి. దుంపలమ్మే ఆవిడ మొదటి రోజే నన్ను "కసేరో" అని పిలిచింది. రోజూ వచ్చే బేరగాణ్ణి అక్కడ అలా పిలుస్తారు. రెండోసారి వస్తావో రావో తెలియకుండానే నిన్ను తన మనిషిని చేసేసుకుంటుంది. నేను గోదావరి వాణ్ణని, కారం నాకు లెక్కకాదని నిరూపిద్దామని, ఆవిడ ముందున్న ఎర్రటి గుండ్రటి మిరపకాయను కొరికాను. చూడ్డానికి బుజ్జి టమాటాలా ఉంది. తర్వాత కాసేపు నాకు కళ్ళు లేవు, చెవులు లేవు. ఆవిడ నవ్వుతూ అరటిపండు ఒలిచి నోట్లో పెట్టింది. ఆ మిరపకాయలు ఓ గుప్పెడు కొనుక్కొచ్చి పచ్చడి చేశాను. ఆ రాత్రి అంకుల్ ఒక్క ముద్ద తిని, లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తెరిచి దాని ముందు నిలబడ్డారు.

అంతవరకూ నాకు కోపమేమీ లేదు. కోపం కుస్కోలో వచ్చింది.

కుస్కో కొండల మీద ఊరు. గాలి పల్చన. నాలుగు మెట్లెక్కితే గుండె చొక్కాలోంచి బయటికి చూస్తుంది. కుక్కర్ ఎన్ని కూతలు పెట్టినా పప్పు ఉడకదు. అక్కణ్ణించి రైల్లో మాచూ పీచూ వెళ్ళాలి. ‘ఇంకా’ అనే పాతకాలపు రాజవంశం కొండమీద కట్టిన రాతి ఊరు. ఆ పేరు నేను రోజూ నోట్లో నానబెడుతున్నాను, పలకడం రావాలని. తెల్లారకుండానే లేచి రైలుకు నిమ్మకాయ పులిహోర పొట్లాలు కట్టాను. ఏడు పొట్లాలు. చొక్కా మార్చుకుని, బూట్లు వేసుకుని గుమ్మంలోకి వచ్చాను.

ఆంటీ పొట్లాలు సంచీలో సర్దుతూ ఆగింది. "ఒకటి ఎక్కువొచ్చింది బాబూ."

"నాదండి."

ఆవిడ అంకుల్ వైపు చూసింది. అంకుల్ బూట్లు కట్టుకుంటూ తల ఎత్తలేదు. "అదేంటంటేనయ్యా, ఆ టికెట్లు మెల్‌బోర్న్‌లో ఉండగానే పేర్లమీద తీసేసుకోవాలి. నీకు ఈ రాళ్ళూ రప్పలూ ఇంట్రెస్ట్ ఉండదేమో అనుకున్నాం. పైగా మేం వచ్చేసరికి రాత్రవుతుంది, ఆకలిమీద వస్తాం కదా."

"అవునండి," అన్నాను. "రాళ్ళయితే బియ్యంలో రోజూ చూస్తున్నానుగా."

ఆరుగురూ నవ్వుతూ వెళ్ళిపోయారు. నేను మెట్లమీద కూర్చుని నా పొట్లం విప్పుకుని తిన్నాను. పులిహోర బాగానే కుదిరింది, అదే ఇంకా మండింది. నా జోకే నన్ను కూర్చోబెట్టేసింది. గట్టిగా అడగాల్సిన చోట నవ్వించాను. నవ్వినవాడికి అవతలివాడి నొప్పి కనబడాల్సిన పని లేదు కదా.

ఆ మెట్లమీదే అనుకున్నాను. ఇంక మిగిలింది అడవి ఒక్కటే. దాన్ని నేను చూసి తీరాలి. పొయ్యి పక్కనుంచి కాదు, తాలింపు పుణ్యాన కాదు. చూడ్డానికే వెళ్ళి చూడాలి. అది చూడకుండా వెర్రిబీ వెళితే, ఆ ఖండానికి వెళ్ళింది నేను కాదు, నా గరిటె.

*

కుస్కోలో స్వెట్టర్లేసుకుని విమానమెక్కితే, కాసేపట్లో అడవి అంచున ఉన్న ఊళ్ళో దింపింది. తలుపు తెరవగానే మే నెల రాజమండ్రి మొహాన కొట్టింది. బయట మన ఆటోలు. నిజంగా మన ఆటోలే, డ్రైవరు అద్దం దగ్గర పూలదండతో సహా. అక్కణ్ణించి పొడవాటి పడవలో నది మీద ఎగువకు. నీళ్ళు వరదలో గోదావరి రంగు. రెండు పక్కలా చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ నదిలోకి వంగి ఉన్నాయి. నేను వెనకాల బియ్యం బస్తా పక్కన కూర్చున్నాను. రైస్ కుక్కర్ నా ఒళ్ళో ఉంది.

అడవిలో మేం దిగిన లాడ్జి కర్ర స్తంభాల మీద కట్టింది. గదులకు మూడు గోడలే, నాలుగో వైపు అడవి. కరెంటు కాసేపే ఉంటుంది, అది కూడా దీపాలకే. రైస్ కుక్కర్‌ను అక్కడివాళ్ళు వింతగా చూసి, పక్కన పెట్టేశారు. లాడ్జి వంటింట్లో ఓ మూల నాకు ఇవ్వడానికి అంకుల్ ముందే మాట్లాడి పెట్టుకున్నారు. నేను వెళ్ళేసరికి అక్కడి వంటావిడ పెద్ద ఆకుల్లో అన్నం పొట్లాలు కడుతోంది. పక్కన కర్రపెండలం ఉడుకుతోంది. పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లుల దగ్గర పెరిగినవాణ్ణి, ఆ వాసన నాకు ఏ కొండ అవతలున్నా తెలుస్తుంది.

సాయంత్రం గైడు మర్నాటి సంగతి చెప్పింది. ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన మనిషి, ఇంగ్లీషు నాలాగే ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది, అందుకని నాకు బాగా అర్థమయింది. పొద్దున్నే పడవలో ఓ మట్టిగట్టు దగ్గరకు వెళతాం. మకావ్‌లని పెద్ద పెద్ద రామచిలకలు, ఎర్రవి, నీలివి, పచ్చవి, వందల కొద్దీ వచ్చి ఆ గట్టుకు వేలాడి మట్టి తింటాయి. ఈ అడవిలో చూడాల్సిందంటే అదే. ఎవరెవరు వస్తారు అని అడిగింది.

నేను చెయ్యెత్తాను. బళ్ళో ఎప్పుడూ ఎత్తని చెయ్యి.

"నువ్వెక్కడికయ్యా?" అన్నారు అంకుల్. "మేం వచ్చేసరికి ఉప్మా, చట్నీ రెడీగా ఉండాలి కదా."

"రేపు పొయ్యికి సెలవండి."

అంకుల్ అది జోకనుకుని నవ్వారు. నేను నవ్వలేదు. అప్పుడాయన నవ్వు సగంలో ఆపి, "అంటే?" అన్నారు.

"అంటే రేపు నేను వండనండి. చిలకల్ని చూడ్డానికెళతాను."

"నిన్ను తెచ్చిందే వంటకు."

"వండానండి. చిలీలో వండాను, లీమాలో వండాను, గాలి లేని చోట కూడా వండాను. మిగతా టైము నాదన్నారు. ఆ టైము ఎక్కడుందో చూపించండి, వెళ్ళి తెచ్చుకుంటాను."

ఆంటీ మధ్యలోకి వచ్చింది. "అదికాదు బాబూ, మేం వెజిటేరియన్లం, ఇక్కడ ఏం తింటాం?"

"వంటావిణ్ణి అడిగొచ్చానాంటీ. అన్నం, అరటికాయ వేపుడు, చిక్కుడు గింజలు, కర్రపెండలం. చేప వేరే గిన్నెలో. మీ గిన్నె మీదే."

"నీకర్థం కావట్లేదు," అన్నారు అంకుల్. గొంతు తగ్గింది. ఆయన గొంతు తగ్గిందంటే అది కోపం. "ఎవరు ఎవరితో వచ్చారో మర్చిపోకూడదు. రేపు వెర్రిబీ వెళ్ళాక నాలుగిళ్ళలో నీ పేరు చెప్పేది ఎవరు? ఆలోచించుకో."

అది ఉత్త బెదిరింపు కాదు. నాలుగేళ్ళుగా నా శనాదివారాలు ఆయన నోటిమీదే నడుస్తున్నాయి. ఓ జోకు వేసి, అందర్నీ నవ్వించి, వెళ్ళి రవ్వ వేయించుకోవచ్చు. జోకు నాలిక చివరిదాకా వచ్చింది కూడా. మింగేశాను. జోకు మింగడం ఎంత కష్టమో నాబోటివాడికే తెలుస్తుంది.

"చెప్పకండి అంకుల్," అన్నాను. "నా పాస్‌పోర్టూ మీ పాస్‌పోర్టూ ఒకే నీలం. మీ దాంట్లో ఇంజనీరని లేదు, నా దాంట్లో వంటవాడని లేదు. చూసుకోండి కావాలంటే."

వంటింట్లోకి వెళ్ళి, మెల్‌బోర్న్ నుంచి తెచ్చుకున్న నా పొడుగు గరిటెను స్తంభానికున్న మేకుకు తగిలించి వచ్చాను. వంటావిడ దాన్ని చూసి, నన్ను చూసి, తన పొట్లం తను కట్టుకుంది.

*

పొద్దున మబ్బు నది మీదే పడుకుని ఉంది. సన్నగా తుంపర. గైడు గది గదికీ వెళ్ళి, వాన ఉంటే పక్షులు రాకపోవచ్చు, అయినా వస్తారా అని అడిగింది. ఆ మాట దొరికిందే చాలని అంకుల్ రానన్నారు. ఆయన రానంటే మిగతావాళ్ళూ రానన్నారు. మొత్తం పడవలో పడవ నడిపేవాడు, గైడు, నేను. ముందు బల్ల మీద కూర్చున్నాను. ఒళ్ళో కుక్కర్ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మట్టిగట్టు ఎదుట ఇసుకలో ఆకులతో అల్లిన తడిక ఉంది. దాని వెనక చిన్న బల్లలు. కూర్చున్నాం. ఎర్రటి గట్టు, తడిసి, ఎవరో అప్పుడే అలికినట్టు ఉంది. దానిమీద ఒక్క ఈక లేదు. తుంపర ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. దోమలు నా మెడమీద బంతి భోజనాలకు కూర్చున్నాయి. ఒకసారి మబ్బులో పైనెక్కడో పెద్దగా, బొంగురుగా అరుచుకుంటూ కొన్ని వెళ్ళాయి. గైడు వేలు పైకి చూపించింది. నాకు మబ్బే కనబడింది.

పొద్దెక్కేదాకా కూర్చున్నాం. కాలి దగ్గర చీమల బారు ఒకటి. ఒక్కొక్కటీ తనకంటే పెద్ద ఆకుముక్కను నెత్తిన నిలబెట్టుకుని పోతోంది. వాన చుక్క పడితే ఆకుతో సహా దొర్లి, లేచి, మళ్ళీ అదే ఆకును ఎత్తుకుంటోంది. వాటినే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి ఓ సంగతి గమనించాను. మధ్యాహ్నానికి ఏం వండాలని నేను చాలాసేపటినుంచి అనుకోలేదు. ఊహ తెలిశాక నా బుర్రలో ఆ పొయ్యి ఆరడం అదే మొదటిసారేమో. ఎవరూ నన్ను పిలవలేదు, ఎవరికీ ఉప్పు తగ్గలేదు. తడిసిన అడవి, తడిసిన నేను.

"సారీ," అంది గైడు. "నో బర్డ్స్."

"నో సారీ," అన్నాను. ఆవిడకు అర్థమయిందో లేదో.

తిరిగి వస్తుంటే లాడ్జి ఇంకా కనబడకముందే కేకలు వినిపించాయి. ఏదో ప్రమాదమనుకుని పరిగెత్తుకుంటూ మెట్లెక్కాను. భోజనాల గదిలో ఆరుగురూ కుర్చీలెక్కి నిలబడి ఉన్నారు. బల్లమీద రెండు మకావ్‌లు. ఒక్కోటీ మోచెయ్యంత ఉంది. ఎర్రటి ఎరుపు, రెక్కల మీద నీలం, పసుపు. ఒకటి అరటికాయ వేపుడు పళ్ళెంలో నిలబడి ఉంది. రెండోది, ఆంటీ తన పెట్టెలోంచి తీసి వేయించి తెమ్మని వంటింటికి పంపిన అప్పడాన్ని ఓ కాలితో పట్టుకుని, పెద్దమనిషిలా కొరుక్కు తింటోంది. నేను లోపలికి రాగానే రెండూ లేచి, నా తలమీదుగా బయటకు వెళ్ళిపోయాయి. నాకు తోకలు కనబడ్డాయి.

అంకుల్ కుర్చీమీంచి దిగారు. రాత్రి కోపం ఆ మొహంలో ఎక్కడా లేదు. పదేళ్ళ పిల్లవాడి మొహం. ఫోను నా కళ్ళలో పెట్టినంత పని చేశారు. "చూడు, నా చేతిలోంచి, నా చేతిలోంచి లాక్కుంది. ఇవి ఈ లాడ్జికి అలవాటట. మనుషులు తినేటప్పుడు వస్తాయట. నువ్వెన్ని చూశావు?"

అబద్ధం చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదు. వందలు అంటే వందలు. ఎవరు చూడొచ్చారు?

"ఒక్కటీ రాలేదండి," అన్నాను.

"అయ్యో. మరి పొద్దుటినుంచీ ఏం చూశావు?"

"అడవి చూశానండి. చాలా బాగుంది."

ఆయన నా తడిసిన చొక్కా వైపు, దోమలు కుట్టి ఉబ్బిన మెడ వైపు చూశారు. నవ్వుదామా వద్దా అని ఆగినట్టున్నారు. "సరే. మధ్యాహ్నానికి కాస్త చారన్నా పెడతావా?"

"రేపండి," అన్నాను. వెళ్ళి ఆ బల్లకే, వాళ్ళ మధ్యే కూర్చుని, చిలక మిగిల్చిన అరటికాయ వేపుడు నా పళ్ళెంలో వేసుకున్నాను.

*

వెర్రిబీ వచ్చాక చాలా వారాలు నా ఫోను మోగలేదు. అంకుల్ అన్నంత పనీ చేశారో, శుభకార్యాలే లేవో, నేను కనుక్కోలేదు. గరాజులో పొయ్యిల మీద గుడ్డ కప్పాను. నా భార్య ఒకసారి అడిగింది, వెళ్ళి ఆయనతో ఓ మాట మాట్లాడకూడదా అని. మాట్లాడను అన్నాను. మాట్లాడడమంటే నవ్వించడం. ఈసారి ఆయన ముందు నవ్వు ఖర్చుపెట్టదల్చుకోలేదు.

ఓ శుక్రవారం ఆయనే ఫోన్ చేశారు. మనవరాలికి ఓణీల ఫంక్షన్. గుత్తివంకాయ, పులిహోర, బొబ్బట్లు. గొంతు మామూలుగానే ఉంది.

"వస్తానండి," అన్నాను. "కానీ వండాక వడ్డన చెయ్యను. చొక్కా మార్చుకుని, నా భార్యతో వచ్చి, మీ అందరితోపాటు కూర్చుని తింటాను."

"నిన్నెవరు కూర్చోవద్దన్నారయ్యా," అన్నారు.

ఎవరూ అనలేదు. అదే కదా. నేనూ ఎప్పుడూ కూర్చోలేదు.

ఆ రోజు హాల్లో అంకుల్, ఆంటీ, మిగతా రెండు జంటలు, ఒకే బల్ల. నా భార్య రాత్రి డ్యూటీ దిగి, కాసేపు పడుకుని వచ్చింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అంకుల్ ఫోను తీసి చుట్టూ ఉన్నవాళ్ళకి చిలకను చూపిస్తున్నారు. అప్పడం కథ ఈ మధ్య బాగా పెరిగింది, చిలక ఆయన వేలు కూడా కొరికిందట. కథ అయ్యాక నా వైపు తిరిగారు.

"మనవాడు మాత్రం పంతానికి పోయి వానలో కూర్చున్నాడు. పాపం, ఒక్క చిలకా కనబడలేదు. వంటింటి దగ్గరుండుంటే చక్కగా చూసేవాడు."

అందరూ నవ్వారు. ఈసారి నేనూ తగ్గలేదు. బొబ్బట్టు పక్కన పెట్టి చెప్పాను. "కనబడకపోతే పోయిందండి. చిలకలు రావడం రాకపోవడం వాటి ఇష్టం. వెళ్ళడం నా ఇష్టం. ఏళ్ళ తరబడి పొయ్యి దగ్గర నిలబడ్డవాడు ఒక్కపూట గరిటె మేకుకు తగిలించి బయటికి నడిస్తే, వాడికి వానే చాలు. మళ్ళీ తీసుకెళ్ళినా అదే చేస్తాను. మనిషన్నాక ఒక్కసారైనా ఆ పని చెయ్యాలి."

ఆంటీ మెల్లగా తల ఊపింది. నాకు ఛాతీ బ్రెజిల్ అంత అయింది.

నా భార్య తన బొబ్బట్టు మీద నెయ్యి వేసుకోవడం పూర్తి చేసి, వేలు తుడుచుకుని, నా వైపు చూడకుండానే అంది.

"నిజమేనండీ. మనింట్లో కూడా ఫ్రిజ్ పక్కన ఓ మేకుంది. రేపు పొద్దున డ్యూటీనుంచి రాగానే నా గరిటె దానికి తగిలించేసి పడుకుంటాను. మీరు వంటింట్లో ఉండండి, చిలకలొస్తే నన్ను లేపుదురు గాని."